మూడో పిలుపు

డిసెంబరు చివరికి వచ్చిందంటే మా కోడలు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తుంది. కొత్త సంవత్సరంలో కొడుకు పొట్ట తగ్గించాలి, మనవరాలు సైకిలు నేర్వాలి, ఇట్లా ఎవరి పని వారి పేరుకెదురుగా రాస్తుంది. మొన్న నా పేరు కూడా రాసి, కలం నా చేతిలో పెట్టింది. నాకేం మిగిలింది తల్లీ, మోకాళ్ళు వంగితే చాలు అని నవ్వి తప్పించుకున్నాను గానీ, అప్పటి నుండి ఆ బావి, ఆ మధ్యాహ్నం నన్ను మళ్ళీ పట్టుకున్నాయి.

చౌటుప్పల్‌కు రాకముందు మేము రామన్నపేట దగ్గరి పల్లెలో ఉండేవాళ్ళం. మా మరిది భార్య, నా యారాలు, నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది, ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి. ప్రతి జనవరి ఒకటిన, అంతకుముందు మేమెన్నడూ చేయని పని ఒకటి ఆ ఏడాది చేసి తీరాలని నాచేత ఒట్టు వేయించుకునేది. తెలంగాణ వచ్చిన తర్వాతి ఏడు మోపెడ్ నేర్చుకున్నాం. నేను రెండుసార్లు తుమ్మపొదలో పడ్డాను, ముళ్ళు తీయించుకున్న ఆ అవమానం ఇప్పుడెందుకు లెండి. ఆ మరుసటేడు వానలు దండిగా పడి, ఏండ్ల తరబడి ఎండిపోయిన మా వ్యవసాయ బావి సగం మెట్ల దాకా నిండింది. ఇంకేం, కొత్త సంవత్సరం రాగానే ఈత నేర్వాల్సిందేనంది యారాలు. నాకేమో యాభై దగ్గర పడుతున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మా అత్తకు ఆ బావంటే మొదటి నుండీ గిట్టదు. పొద్దు నెత్తిమీదికి వచ్చిన వేళ చేలల్లో ఎవరైనా పిలిస్తే ఒకటో పిలుపుకు, రెండో పిలుపుకు పలకవద్దని, మూడోది వినబడితేనే మనిషని నమ్మాలని, మనిషి కానిది మూడోసారి పిలవలేదని, అది మనకు తెలిసినవాళ్ళ గొంతుతోనే వస్తుందని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. నా ఈడు వాళ్ళకు ఇదేం కొత్త కాదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అట్లా పలకకుండా నిలబడే ఉంటారు.

కానీ మాకు వీలు దొరికేది ఆ మధ్యాహ్నం వేళే. మగవాళ్ళు తిండికి ఇంటికి పోయేవాళ్ళు, నీళ్ళు కాస్త వెచ్చబడేవి. ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని, మెట్ల పక్కనే కాళ్ళాడిస్తూ పది రోజులు నేర్చుకున్నాం.

ఆ రోజు కంది కోత. యారాలు ముందే బావికి పోయింది, నేను సాలు ముగించుకొని వస్తానన్నాను. గాలి లేదు, ఒక్క పిట్ట కూత లేదు, నా కొడవలి చప్పుడే నాకు వినబడుతోంది. అప్పుడు ‘అక్కా’ అని వినబడింది. నా చేయి ఆగిపోయింది. కొంచెంసేపటికి మళ్ళీ ‘అక్కా’. ఏ తొందరా లేకుండా, చెవి పక్కన నిలబడి అన్నట్టే ఉంది. యారాలు గొంతే. పెదవులు బిగబట్టి మూడో పిలుపు కోసం చూశాను. రాలేదు. ఇప్పుడు దాచి ఏం లాభం, అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. గట్టున కూర్చొని నీళ్ళు కూడా తాగాను.

తాగుతూ తలెత్తితే, దూరాన మేస్తున్న మేకలు మేత మాని, అన్నీ బావి వైపే మెడలు తిప్పి కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. కొడవలి అక్కడే పడేసి ఉరికాను.

నీళ్ళ మీద ముడి ఊడిన సొరబుర్రలు మాత్రమే తేలుతున్నాయి. యారాలు అవతలి గోడ రాళ్ళ సందులో వేళ్ళు దూర్చి, గడ్డం దాకా మునిగి వేలాడుతోంది. చీర విప్పి ఒక కొస మెట్టు దగ్గరి రాతికి ముడేసి, రెండో కొస మణికట్టుకు చుట్టుకొని దూకాను. ఎట్లా చేరానో, ఎట్లా లాక్కొచ్చానో నాకే తెలియదు.

మెట్ల మీద ఇద్దరం గజగజ వణుకుతుంటే నా నోరు ఊరుకోలేదు.

“రెండుసార్లు పిలిస్తివి గద చెల్లె, మూడోసారి ఎందుకు పిలువలే?”

యారాలు నా ముఖంలోకి చూసింది.

“నేను పిలువనే లేదక్కా. నోరు తెరిస్తె నీళ్ళే పోతుండె,” అని, “అత్తకు చెప్పకు. రేపు మళ్ల రానియ్యది,” అంది.

మర్నాడు నిజంగానే నన్ను చేయి పట్టి లాక్కుపోయింది. ఉగాది నాటికి ఇద్దరం బావి ఈ గోడ నుండి ఆ గోడకు ఈదాం.

ఇప్పుడా బావి లేదు. మొరం పోసి పూడ్చి, ప్లాట్లు చేసి రంగు రాళ్ళు పాతారు. మిట్టమధ్యాహ్నం అక్కడ పిలిచేవాళ్ళూ లేరు, జంకేవాళ్ళూ లేరు. ఫోను మోగితే పేరు ముందే కనబడుతుంది. నేను మాత్రం ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే ‘ఆఁ’ అని లేస్తాను, ఇంత తొందరేంటత్తమ్మా అని కోడలు నవ్వుతుంది.

యారాలు జ్వరమొచ్చి చనిపోయి రెండేండ్లయింది. నిజంగానే పిలవలేదా, లేక విని కూడా రాని నా ముఖం చూడలేక అట్లా అన్నదా? ఈ ఏడైనా అడిగెయ్యాలని ప్రతి జనవరి ఒకటిన అనుకునేదాన్ని. ఆమె ఎదురుగా కూర్చొని, ఈసారి ఏం చేద్దామక్కా అని కళ్ళు మెరుస్తూ అడిగేది. నాకు నోరు పెగిలేది కాదు.