వదిన ఐదు నిమిషాలు

పోయిన వారం కళ్లు చూపించుకుందామని ఆర్మూర్‌లో ఒక దవాఖానకు వెళ్లాను. డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక నర్సు పిల్ల నా జబ్బకు బీపీ పట్టీ చుట్టి మీట నొక్కింది. మిషన్ గుర్రుమంటూ బిగుసుకుని, కుయ్యిమని, అంకెలు చూపించి ఊరుకుంది. నేను మాత్రం చెయ్యి చాపుకొని అలాగే కూర్చున్నాను. "అయిపోయింది అంకుల్, లేవండి" అంది ఆ అమ్మాయి. "ఇంకేం అడగవా బిడ్డా?" అన్నాను. "షుగర్ ఉందా?" అంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల తప్పేం లేదు. బీపీ చూడటానికి ఎంతసేపు పడుతుందో మా వదిన నాకు వేరేగా అలవాటు చేసింది.

వదిన అంటే మా అన్న భార్య. మా ఊళ్లో ఆశా వర్కర్‌గా చాలా ఏళ్లు చేసింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మార్కెట్ యార్డులో పసుపు వేలంపాట పాడేవాళ్లకు ఏమాత్రం తీసిపోదు. ఆమె వీధి మొదట్లో మాట్లాడితే చివరింట్లో పడుకున్న పసివాడు లేచేవాడు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి మీట నొక్కే కొత్త మిషన్లు వచ్చినప్పుడు, రబ్బరు బుగ్గ ఒత్తి గాలి కొట్టే పాత మిషన్‌ను అడిగి మరీ తెచ్చుకుంది. కొత్తది సంచిలోనే ఉంచి ఈ ముసలిదాన్నే మోసుకు తిరిగేది. ఎందుకమ్మా అంటే "గది ఉరుకుతది, గిది ఆగుతది" అనేది. మేము నవ్వుకునేవాళ్లం.

ఒకసారి ఆశా వర్కర్లకు శిక్షణ ఇచ్చారు. పంట పోయిన ఇళ్లలో, గల్ఫ్ నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో, బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లను ముందుగానే కనిపెట్టడం ఎలాగన్నది పాఠం. నిద్ర పడుతోందా, తింటున్నారా, ఇష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నారా అని చూడాలి. చివరికి, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు కాస్త దిగుతుంది అని డాక్టరమ్మ చెప్పిందట. వదినకు అంతా నచ్చింది, ఆ ఆఖరి ప్రశ్న తప్ప. "గంత మాట నోట్లెకెల్లి ఎట్ల ఎల్లాలె?" అని మథనపడి, ముందుగా మా అన్న మీద సాధన చేసింది. పొద్దున్నే అన్నం తింటున్న మనిషిని పట్టుకుని "నీకు సావాలనిపిస్తున్నదా?" అని అడిగితే, ముద్ద గొంతులో అడ్డం పడి, "కూరల ఏం కలిపినవే?" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు ప్రతి కూరా ముందుగా ఆమె తింటేగానీ మా అన్న చెయ్యి పెట్టలేదు.

కాగితం పట్టుకుని ప్రశ్నలు చదివితే మగవాళ్లు ఏదో పని చెప్పి జారుకునేవారు. అప్పుడు ఆమెకు పాత మిషన్ అక్కరకొచ్చింది. బీపీ చూసేముందు మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలని నియమం ఉంది కదా. ఆమె జబ్బకు పట్టీ చుట్టేసి, గాలి కొట్టకుండా, "ఐదు నిమిషాలు కూసోవాలె, రూలు" అనేది. చేతికి పట్టీ ఉన్న మనిషి లేచి పోలేడు. కదలొద్దన్నారు కాబట్టి కదలడు. ఎదురుగా కూర్చుని ఆమె మెల్లగా మాటల్లోకి దింపేది. ఆ ఐదు నిమిషాలు ఏ గడియారానికీ అందేవి కావు. మళ్లీ వెళ్లి చూడాల్సిన ఇల్లు అనుకుంటే రిజిస్టర్‌లో ఆ పేరు పక్కన వేలితో చిటికెడు పసుపు రాసేది. పైనుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన ఆ పేజీలు చూసి, రిజిస్టర్ వంటింట్లో పెట్టొద్దమ్మా అని కోప్పడ్డాడట. సరే సార్ అందట.

నా సంగతి ఆ కాలానిదే. గల్ఫ్‌లో మా కంపెనీ మూతపడి ఇంటికి వచ్చాను. వచ్చి పసుపు వేశాను. దుంపకుళ్లు తగిలి చేను చేనంతా నేలలోనే పోయింది. ఊరంతా పసుపు ఉడుకుతుంటే ఆ వాసన ఇంట్లోకి వచ్చేది, మా కళ్లం మాత్రం ఖాళీ. నేను బయటికి వెళ్లడం మానేశాను. నా భార్య బీడీలు చుడుతూ నా వైపు చూసేది. నేను చూస్తే తల దించుకునేది. ఒకరోజు గల్ఫ్‌లో మొదటి జీతంతో కొనుక్కున్న చేతి గడియారాన్ని మా అన్నకు ఇచ్చేశాను. అన్న మురిసిపోయి పెట్టుకున్నాడు. వదిన ఆ గడియారాన్ని చూసిందట, చూసి అప్పటికప్పుడు సంచి భుజానికేసుకుని బయల్దేరిందట.

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. అడగకుండానే చెయ్యి లాక్కుని పట్టీ చుట్టింది.

"నీ గడియారం మీ అన్న చేతికి ఎట్లొచ్చింది?" అంది.

"నాకెందుకని ఇచ్చిన."

"నీకు టైంతోని పని లేదా?"

నేను ఖాళీ మణికట్టు వైపు చూసుకున్నాను. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత, ఆ పసుపు పాట గొంతు ఎక్కడికి పోయిందో, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. "మరిదీ, సావాలనిపిస్తున్నదా?"

ఆ మాట ఇంకొకరి నోటి నుంచి విన్నాక దాన్ని ఒక్కడినే మోయాల్సిన అవసరం లేదనిపించింది. "అనిపిస్తున్నది వదినా" అన్నాను.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. పిల్లల ముఖం చూడమని నీతులు చెప్పలేదు. పట్టీ విప్పలేదు కూడా. "ఎన్నొద్దుల సంది?" అంది. చెప్పాను. చెబుతూ పోయాను. అరుగు మీద ఎండ గోడ మీదికెక్కింది. అంతా అయ్యాక బుగ్గ ఒత్తి, గాలి కొట్టి, ముల్లు చూసి, ముక్కు చీదుకుంటూ "బీపీ మంచిగనే ఉన్నది" అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే నా ఎదుటనే నా భార్యకు సంగతి చెప్పింది. కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బాలన్నీ తమ ఇంటికి మోయించి తాళం వేసింది. అన్న చేతి గడియారం ఊడదీసి తెచ్చి నా చేతికి పెట్టింది. "రేపు తొమ్మిదికి నిజామాబాద్ బస్సు. టైం జూస్కో, నాతోని వస్తున్నవ్" అంది. పెద్ద దవాఖానలో మానసిక వైద్యుడు నాతో మాట్లాడాడు, మాత్రలు రాశాడు. ఒక్కరోజులో మారిపోయానని చెప్పను. చాలా నెలలు పట్టింది. ప్రతి వారం ఆమె వచ్చేది, పట్టీ చుట్టేది, ఐదు నిమిషాలు అనేది.

ఇప్పుడు ఆమె ఉద్యోగం మానేసింది. కిందటేడు మా అన్న పోయాడు. ఆ గొంతు సగానికి తగ్గింది. దవాఖానకు వెళ్లొచ్చాక వచ్చిన ఆదివారమే నేను వాళ్లింటికి వెళ్లి, అటక మీది పాత మిషన్ దింపి, ఆమె జబ్బకు పట్టీ చుట్టాను. రబ్బరు పగిలి గాలి నిలవదని ఇద్దరికీ తెలుసు. వానల గురించి, పసుపు ధర గురించి మాట్లాడాను. ఎంతకీ అసలు మాట నోరు దాటలేదు.

"అడుగు మల్ల" అంది వదిన. "నాకు మీ అన్న మీద నేర్సుకునుడయింది. నీకు నేనే దిక్కు."

అడిగాను. ఆమె వాకిలి వైపు చూసింది. "మీ అన్న పోయిన కొత్తల అనిపించింది. ఎవ్వలు అడగలే" అంది. "గిప్పుడు లేదు. మీ అన్న లేకుంట ఒక్కదాన్నే తినబుద్ధి అయితలేదు, గంతే."

నేను పట్టీ విప్పలేదు. అలాగే కూర్చున్నాం. ఆమె కోడలు లోపల దీపం వేసింది. "టైం ఎంతయింది?" అంది వదిన. చేతి గడియారం చూసుకున్నాను. వచ్చి రెండు గంటలైంది.

"ఇంకా ఐదు నిమిషాలు కాలే వదినా" అన్నాను. నేను బతికిన ఇన్నేళ్లూ ఆ ఐదు నిమిషాల్లోంచే వచ్చాయి, అవి అప్పుడే అయిపోయాయని ఎలా చెప్పను?