గోడకి అడుగున్నర ఇవతల

మా చుట్టాల్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తాలంటే, ముందు నేనక్కడ లేనని చూసుకుని ఎత్తుతారు. అంతమంది నోళ్ళు మూయించాను. సివిల్ ఇంజనీరింగ్ చదివి, రాజమండ్రిలో ఉంటూ బ్యాంకుల కోసం ఇళ్ళకి విలువ కట్టేదాన్ని. కొలతకి అందనిది లేదనే నా వాదన. అందుకే ఇది రాయడం నాకేమాత్రం ఇష్టం లేదు.

లేజర్ మీటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. గోడకి ఆనించి మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, మధ్య దూరం తెర మీద కనిపిస్తుంది.

మండపేటలో ఒకావిడ ఇంటికి అప్పటికే ఇద్దరు విలువ కట్టారు. టేపుతో కొలిచినాయన పడకగది పొడవు పన్నెండు అడుగులన్నాడు. లేజరుతో కొలిచిన కొత్త ఇంజనీరు పదిన్నర అన్నాడు. రెండూ పొసగక బ్యాంకు ఫైలు ఆపేసింది. ఆవిడ భర్త పోయారు. అప్పు వస్తే మరిది వాటా కొనుక్కుని అక్కడే ఉంటుంది, లేకపోతే ఇల్లు అమ్మేస్తారు. ఆ తేడా తేల్చమని నన్ను పంపారు. కొత్తాయనకి మీట నొక్కడం చేతకాలేదని బ్యాంకులోనే అనేసి బయల్దేరాను.

మిట్టమధ్యాహ్నం, గది నిండా వెలుతురు. టేపు పట్టాను, పన్నెండు. ఎదుటి గోడకున్న కిటికీ పక్కన చుక్క పడేలా లేజర్ పెట్టాను, పదిన్నర. చుక్క ఎదుటి గోడ సున్నం మీదే ఉంది. అంకె మాత్రం గోడకి అడుగున్నర ఇవతలే ఆగిపోయింది.

పక్క రైసుమిల్లు ఊక దుమ్మేమోనని చీర చెంగుతో మీటరు అద్దం తుడిచాను. బ్యాటరీలు మార్చాను. అదే పదిన్నర. రెండు జానలు పక్కకి జరిపితే పన్నెండు. మళ్ళీ అక్కడే పెడితే పదిన్నర.

వెళ్ళి ఆ చోట చెయ్యి ఆడించాను. ఏమీ తగల్లేదు. ఎందుకో చెయ్యి చెంగుకి తుడుచుకుని, తిరిగొచ్చి మీటరు మళ్ళీ పాత చోటే ఆనించాను.

ఇంతలో ఆవిడ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. కిటికీ వైపు చూసి, “ఏవండీ, కాస్త అలా జరగండి. పాపం మేడమ్ గారు ఇందాకట్నుంచీ అవస్థ పడుతున్నారు” అంది.

నేను గిరుక్కున తిరిగాను. గోడే ఉంది. వేలు మీట మీదే ఉంది, నొక్కాను.

పన్నెండు.

“ఎవరితోనండీ?” అన్నాను.

ఆవిడ సిగ్గుపడింది. “అలవాటండీ. ఊడ్చేటప్పుడూ ఇలాగే అంటాను. పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే నిలబడేవారు లెండి. చీపురు తగిలినా కదిలేవారు కాదు, నేను అడగాల్సిందే.” ఆ వెంటనే, “ఇంతకీ సరిపోయిందాండీ, ఇల్లు నాకుంటుందా?” అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా పన్నెండే. పన్నెండనే రాశాను. అప్పు వచ్చింది, ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది.

మీటరు అమ్మినాయన్ని కడిగేశాను. పరీక్షించి, లోపం లేదన్నాడు. మరికొన్నేళ్ళు దాంతోనే కొలిచాను, మరెక్కడా తప్పు చూపలేదు. వేడి అనుకున్నాను, దుమ్ము అనుకున్నాను. అడిగితే జరగడానికి దుమ్ముకి చెవులున్నాయా అని నా నోరే నన్ను అడుగుతుంది.

మా రిపోర్టులో ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో రాసే గడి ఒకటుంటుంది. అక్కడ పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి ‘ఒక్కరే’ అని రాసి సంతకం పెట్టాను. ఆ గది పన్నెండు అడుగులేనని ఎవరితోనైనా వాదిస్తాను. ఆ ‘ఒక్కరే’ గురించి మాత్రం ఇప్పటికీ వాదించలేను.