దెస్కిత్ వచ్చేదాకా నగారా

మా ఊరి మారథాన్‌లో గెలిచినవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఆఖరున వచ్చేది ఎవరో మాత్రం చంటిపిల్లలకు కూడా తెలుసు. దెస్కిత్. మా ఆయన చెల్లెలు.

దెస్కిత్ బడిలో పిల్లలకు వంట చేస్తుంది. భారీ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "బడినిండా ఉన్నవాళ్ళు చాలరా, ఇంకొకడికి కూడా వండాలా?" అంటుంది. ఊళ్ళో పరుగు మొదలుపెట్టిన ఏడాది బడి మాస్టర్లు కాసేపు నవ్వుకోవడానికి ఆమె పేరు రాయించారు. ఆమె పొద్దు వాలాక చేరింది. కానీ చేరింది. అప్పటినుంచి ఒక్క ఏడూ మానలేదు. సింధు మీది వంతెన దగ్గర బయలుదేరి, బార్లీ చేల గట్లెంట పోయి, మా బౌద్ధమఠం గోంపా వెనక కొండ ఎక్కి దిగి, పోలో మైదానానికి రావాలి. మిగతావాళ్ళు ఊపిరి దాచుకుంటూ పరిగెత్తుతారు. దెస్కిత్ ప్రతి గడప ముందూ ఆగి, దూడ ఎట్లా ఉంది, కోడలు ఎట్లా ఉంది అని అడిగి, వాళ్ళిచ్చిన ఛాంగ్, మా బార్లీ కల్లు, తాగి, మూతి తుడుచుకుని పోతుంది.

ఆఖరి మనిషి వచ్చేదాకా మైదానంలో నగారా ఆపకూడదని మావాళ్ళ నియమం. అందుకని నగారా వాయించే ఇషే తాతకూ ఆమెకూ ఏటా తగువే.

"ఏమే, దారిలో బార్లీ కోసి, నూర్చి, కొట్లో పోసి వస్తున్నావా?"

"నేను తొందరగా వచ్చేస్తే నీ చేతులకు పనేముంది, మేమే-లే? నా పుణ్యమా అని నీకు రెండు గ్లాసులు ఎక్కువ పోస్తున్నారు."

మేమే-లే అంటే మా భాషలో తాత. ఈ మాటలు వినడానికే సగం ఊరు అక్కడ నిలబడేది. నేనూ నిలబడేదాన్ని. జిగ్మెత్ పోయాక మానేశాను.

జిగ్మెత్ మాకు ఒక్కడే కొడుకు. జమ్మూలో చదువుకునేవాడు. సెలవులకు వచ్చిన మర్నాడే తండ్రి వెంట పైన మేతనేలకు, యాక్‌ల దగ్గరికి పోయాడు. ఈ రాళ్ళ మధ్య పుట్టినవాడికి ఈ గాలి ఏం చేస్తుంది అనుకుంటాం మేమంతా. డేరాలో దగ్గు మొదలైందట. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనినట్టు తండ్రికి ఆని కూర్చున్నాడట. మా ఆయన వాణ్ణి వీపున వేసుకుని దిగుతుంటే నేను ఎదురుపోయాను. కిందికి దింపించి ఛాతీకి చెవి పెట్టాను. లోపల ఎవరో వెన్న టీ చిలుకుతున్నట్టుంది. చిలికే గొట్టంలో వచ్చే ఆ చప్పుడును బట్టే మేము ఆ టీని గుర్‌గుర్ అంటాం. కొడుకు గుండెల్లో ఆ చప్పుడు వింటానని ఏ తల్లి అనుకుంటుంది.

ఊళ్ళోవాళ్ళు ఊట దగ్గరి లూ, ఆ నీటిదేవత, కన్నేసిందన్నారు. లేహ్‌లో డాక్టరమ్మ మాత్రం వాడు పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఇక్కడ పుట్టినవాళ్ళయినా సరే, కొన్ని నెలలు కింద ఉండి వస్తే కొత్తవాళ్ళ కిందే లెక్క, అమ్మా. వచ్చాక కొన్నాళ్ళు కదలకుండా ఉండాలి. లేకపోతే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయి."

ఇంటికొచ్చి చిలికే గొట్టాన్ని గడ్డికొట్లో పెట్టేశాను. టీ మిక్సీలో తిప్పుతున్నాను. దాని చప్పుడు వేరు.

ఈ ఏడు మా పినత్తకు కిడ్నీల జబ్బు ముదిరితే దెస్కిత్ ఆవిణ్ణి చలికాలంలోనే చండీగఢ్ తీసుకుపోయింది. వేసవంతా అక్కడే ఆసుపత్రి వరండాల్లో గడిపింది. పరుగు దగ్గర పడ్డాక ముసలామెను కూతురి దగ్గర దింపి, విమానమెక్కి వచ్చేసింది. వచ్చిన పూటే పిండి మూట భుజాన వేసుకుని నిచ్చెనెక్కి, మిద్దె మీద ఎండబెట్టిన ఆప్రికాట్లు ఎత్తడం మొదలుపెట్టింది. మర్నాటికి పొడిదగ్గు.

"ఆ దగ్గేమిటి?" అన్నాను.

"దుమ్ము, అచే-లే. ఇల్లు ఊడ్చి ఎన్నాళ్ళయింది?" వదిననైనా నన్ను అక్కనే చేసుకుంది.

"ఈసారి పరుగు మానుకో."

"మానుకుంటే ఇషే తాత పగలే ఇల్లు చేరతాడు. పాపం, వాళ్ళావిడ తట్టుకోలేదు."

"బయటివాళ్ళు చూడు, ఎంత ముందుగా వచ్చి హోటళ్ళలో కూర్చున్నారో."

"వాళ్ళు బొంబాయివాళ్ళు! మెట్లెక్కితే బొబ్బ పెడతారు. నేనెవర్ని?"

అయితే జిగ్మెత్ ఎవరు, వాడూ ఇక్కడివాడు కాదా అని అడగాలనుకున్నాను. పేరు నోటిదాకా వచ్చి ఆగింది. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ అనరు. ఆమెకు అర్థమైనట్టుంది. బూట్ల దారాలు కట్టుకుంటూ తల ఎత్తకుండా, "వాడిది వేరు, అచే-లే. వాణ్ణి లూ పట్టింది," అంది.

నేను పొయ్యి ముందుకు పోయి టీకి నీళ్ళు పెట్టాను.

పరుగు రోజున గోంపా కొండ ఎక్కేముందు ఉన్న మలుపులో నీళ్ళ బల్ల నాకూ పక్కింటి కున్జెస్‌కూ ఇచ్చారు. నేను అడిగి మరీ వేయించుకున్నాను. వేడినీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి గ్లాసుల్లో పోశాం. ముందువాళ్ళు గాలిలా పోయారు. బయటివాళ్ళు నడుస్తూ, తూలుతూ పోయారు. ఎండ పాప్లర్ చెట్ల మీంచి అవతలికి జరిగింది. బల్ల ముందు ఎవరూ లేరు. కిందినుంచి నగారా మాత్రం వస్తోంది.

"నీ ఆడపడుచు ఎక్కడో ఛాంగ్ కుండ ముందు కూలబడి ఉంటుంది," అంది కున్జెస్. "నేను పోయి పేడ ఎత్తుకుని వచ్చినా ఆమె రాదు."

నేను దారివంకే చూస్తున్నాను. ఎన్ని రకాలుగా చూశానో. ఇప్పుడు వస్తుంది, గట్టు దాటగానే వస్తుంది, ఆ గాడిద వెనక వచ్చేది ఆమే.

వచ్చింది. చేల పక్క ఇళ్ళ ముందు జనం నిలబడి "దెస్కిత్! దెస్కిత్!" అని పిలుస్తున్నారు. ఒకావిడ గ్లాసు చాపింది. దెస్కిత్ ఆగలేదు. ఎవరినీ పలకరించలేదు. దూడ సంగతి అడగకుండా ఆ మనిషి ఆ గడపలు దాటడం నేనెన్నడూ చూడలేదు.

బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ ఆనించి నిలబడింది. పెదవులు సిరా పూసినట్టున్నాయి. గ్లాసు తీసుకోలేదు. నేను బల్ల చుట్టూ తిరిగి పోయి, ఆమె వీపుకు చెవి ఆనించాను.

గుర్‌గుర్.

"ఇక చాలు, కూర్చో," అన్నాను.

"కొండ... ఒక్కటే... మిగిలింది."

"ఎక్కనీవమ్మా," అంది కున్జెస్. "మన ఊపిరితిత్తులు మన రాళ్ళలాంటివే. ఆమెకేమవుతుంది?"

దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగి, దెస్కిత్‌ను ఉసిగొలుపుతున్నారు. తాతను చీకటి పడేదాకా వాయించమని ఒకడు అరిచాడు. దెస్కిత్ నవ్వబోయి దగ్గింది. నా చెయ్యి విదిలించుకుని కదిలింది. ఆమె ముందు నేనెంత. లాగి ఆపలేను. అప్పుడు నోటికి వచ్చింది అనేశాను.

"జిగ్మెత్ పడుకోలేకపోయాడు."

ఆమె ఆగింది.

"ఇక్కడ గడ్డిలో వెల్లకిలా పడుకో. పడుకుని, ఇషే తాతను తిట్టాల్సిన తిట్టు ఒకటి నాకు చెప్పు. తర్వాత కొండ ఎక్కు. నేను అడ్డం రాను."

"ఇంతేనా," అంది. పందెం అంటే ఆమె ఎప్పుడూ వెనక్కి పోదు. గట్టు మీద కూర్చుని, కాళ్ళు చాపి, వెనక్కి వాలింది. ఆకాశంవంక చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళలో మునిగినవాళ్ళలా చేతులు కొట్టుకుంటూ లేచి కూర్చుని నా గోంచా అంచు పట్టుకుంది. దగ్గితే పెదవుల మీద గులాబీరంగు నురుగు వచ్చింది.

"అచే-లే," అంది. ఆ పిలుపులో నవ్వు లేదు.

కున్జెస్ తలగుడ్డ ఊపుతూ రోడ్డు మీదికి పరిగెత్తింది. పరుగు వెంట తిరిగే డాక్టరు బండి కొండ మీంచి దిగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆమెను కూర్చోబెట్టి, వెనక నేను కూర్చుని, నా ఛాతీకి ఆనించుకున్నాను. మా ఆయన వాణ్ణి అలాగే ఆనించుకుని ఉంటాడు. ఆమె ఊపిరి లెక్క తప్పినప్పుడల్లా నాదీ ఆగింది.

కుర్ర డాక్టరు మూతికి ఆక్సిజన్ పెట్టి, "కిందినుంచి ఎప్పుడొచ్చారు ఈమె?" అని అడిగాడు.

"మొన్న."

అతను డ్రైవరు భుజం మీద తట్టాడు. బండి వేగం పెరిగింది.

మైదానం పక్కనుంచి పోతుంటే నగారా దగ్గరగా వినిపించింది. దెస్కిత్ వేలితో అటు చూపించి మూతిమీది గొట్టం తీయబోయింది.

"తీశావంటే చంపుతాను," అన్నాను.

ఆసుపత్రి కిటికీలోంచి కూడా ఆ నగారా వస్తూనే ఉంది. ఎవరో పోయి చెప్పారట, ఆమె ఇక రాదని. "ఆఖరి మనిషి రాలేదు కదా," అని ఇషే తాత కర్రలు దించలేదట. నేను ఒక చెవి ఆమె ఛాతీకి పెట్టి, రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాను. ఏ చప్పుడు ఎక్కడిదో కలిసిపోతుందని భయం.

మర్నాడు గుర్‌గుర్ సన్నబడింది. ఇషే తాత బొబ్బలెక్కిన చేతులు చంకల్లో పెట్టుకుని వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు.

"వచ్చినట్టా, రానట్టా? ఒక్కమాట చెప్పు. ఊళ్ళో అడుగుతున్నారు."

దెస్కిత్ మూతిమీది గొట్టాన్ని కాస్త పక్కకు జరిపింది.

"దారిలో ఉన్నాను, మేమే-లే. నువ్వు వాయిస్తూ ఉండు."

అందరూ నవ్వారు. నర్సు కూడా నవ్వింది. నవ్వు చివర దెస్కిత్‌కు దగ్గు వచ్చింది. నేను లేచి, అందరి ముందే వంగి, ఆమె ఛాతీకి చెవి పెట్టాను. ఆ గుర్‌గుర్ లేదు. లేదని నమ్మకం కుదరక మళ్ళీ పెట్టాను.