కడపటి పంక్తి నాది

మా అబ్బాయి ఆఫీసులో, కుటుంబం ఎలా ఉండాలో నేర్పడానికి ఎవరో ఒకాయన్ని పిలిపించారట. భోజనం పెట్టి మరీ నేర్పారట. నలభై ఆరేళ్లు వచ్చాక, తల్లి, భార్య, కూతురు ఇంట్లో ఉండగా, కుటుంబమంటే ఏమిటో సెక్టర్ ఫైవ్‌లో ఏడో అంతస్తు మీద తెలుసుకుని వచ్చాడు మావాడు. నాకేమీ వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు ఈత కూడా పుస్తకం చూసే నేర్చుకున్నాడు. మేమప్పుడు ఉండే బడ్జ్ బడ్జ్ రేవులో దించాక తెలిసింది ఎంత నేర్చాడో.

ఇంటికి రాగానే ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించాడు. ఇకనుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురం ఒక్కచోట కూర్చుని తినాలి. ఫోన్లు బుట్టలో పడెయ్యాలి. పనులు పంచుకోవాలి. ఒకరు చెబితే మిగతావాళ్లు వినాలి. కాగితం ఇంగ్లీషులో ఉంది. నాది మూడో తరగతి చదువు, అదీ తెలుగులో. మావాడిది చాలా పెద్ద చదువు, తెలుగు చదవలేడు. అందుకని పదేళ్ల మనవరాలు మా ఇద్దరి మధ్య నిలబడి చదివి చెప్పింది. పప్పు, పులుసు వాళ్లమ్మ చెయ్యాలి. దోసకాయ ముక్కలు తరగడం, వంటిల్లు శుభ్రం చెయ్యడం వాళ్ల నాన్న. కంచాలు, మంచినీళ్లు తను.

"మరి నా పేరు కాడ ఏటి రాసుంది?" అన్నాను.

"రెస్ట్, నానమ్మా."

"అంటే?"

"కిచ్ఛు నా," అంది బెంగాలీలో. "ఏమీ చెయ్యక్కర్లేదు."

ఇంట్లో ఏమీ చెయ్యక్కర్లేని మనిషిని ఎక్కడ పెడతారో నాకు తెలుసు. దండ వేసి గోడ మీద పెడతారు. మా ఆయన అక్కడే ఉన్నాడు.

మావాడు నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "అమ్మా, ఇన్నేళ్లూ నువ్వు మా అందరి తర్వాతే తిన్నావు. అది అన్యాయం కదా," అన్నాడు.

"ఈ సంగతి నీకు ఎవలు సెప్పారు?"

"ఎవరో చెప్పాలా?"

"మరి నలబై ఆరేళ్లు ఎందుకు ఆగావురా?"

ఫ్రిజ్ తలుపు వైపు చూశాడు. కాగితంలో దానికి చోటు పెట్టుకోలేదు కాబోలు.

వాడు అన్యాయమంటున్న ఆ పూట సంగతి నేను చెప్పాలి. పదిహేడేళ్లకు పెళ్లయి బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు కూలీల లైను ఇళ్లలోకి వచ్చాను. మా అత్త లెక్కలో మొదట మగవాళ్లు, తర్వాత పిల్లలు, తర్వాత ఆవిడ, అందరికన్నా కడపట నేను. మొదటి రెండేళ్లు ఏడుస్తూ తిన్నాను. తర్వాత ఒక విషయం కనిపెట్టాను. కడుపు నిండాక వంటింటి వైపు ఎవరూ రారు. వస్తే అంట్లు తోమమంటారని భయం. అందరూ చేతులు తుడుచుకుని వెళ్లాక తలుపు దగ్గరకు వేసి, గోడకు ఆనుకుని, కాళ్లు బారజాపుకుని తినేదాన్ని. ఇలిశ చేప గుడ్డు ఎన్నిసార్లు నాకోసం మూత కింద దాచుకున్నానో మా ఆయనకు చివరిదాకా తెలియదు. ఆ సమయంలో నన్ను పిలిచేవాళ్లు లేరు, ఫలానాది ఏదని అడిగేవాళ్లు లేరు. పగలంతటిలో నాకని ఉన్నది ఆ గంట ఒక్కటే.

సాల్ట్ లేక్ ఫ్లాటుకు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. ఇక్కడ గోడలకు పలకలు అతికించారు, వీపుకు చల్లగా ఉంటుంది. సింకు కింద నా తరవాణి కుండ. రోజూ వార్చిన గంజి పోస్తూ పులియబెట్టుకుంటాను. అందులో నిన్నటి అన్నం వేసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే నాకు ఇంకేమీ వద్దు. తిన్నాక మనవరాలి పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాల మీద నాకు తోచింది రాసుకుంటాను. ఇది కూడా అలా రాస్తున్నదే.

మొదటి ఆదివారం వచ్చింది. రెండు దోసకాయలు తరగడానికి మావాడికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో మూడుసార్లు ఫోన్లో వీడియో చూసుకున్నాడు. అందరం కూర్చున్నాం. ఆ కుర్చీలో నా కాళ్లు నేలకు అందవు, వేలాడుతూ ఉంటాయి. గిన్నెలు బల్ల మీద పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవాలట. ఇంకొంచెం వేసుకోమని చెప్పే మనిషి లేకపోతే ఎవరూ మారు వడ్డించుకోరని ఆ రోజు చూశాను. కోడలి పప్పు బాగుంది, అబద్ధం ఎందుకు. సగం మిగిలిపోయింది.

తింటూ ఉండగా మావాడు, "ఈ వారం జరిగిన ఒక మంచి విషయం ఒక్కొక్కరూ చెప్పాలి," అన్నాడు. కోడలు కాసేపు ఆలోచించి ఆఫీసు పని ఏదో గడువులోగా అయిందంది. మనవరాలు లెక్కల టీచరు బడికి రాలేదంది. నా వంతు వచ్చింది.

"గ్యాసు ఇంకా అవలేదు," అన్నాను.

"అది కాదమ్మా, మనసుకు మంచిగా అనిపించింది."

"నా మనసుకి అదే మంచిది, నాయనా."

తర్వాత నలుగురం బుట్టలో ఫోన్ల వైపు చూస్తూ కుటుంబంగా తిన్నాం. ఆకలి తీరక సాయంత్రం నేను బిస్కెట్లు తిన్నాను.

రెండో ఆదివారం మావాడు వంటిల్లు శుభ్రం చేశాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. రెస్టు కదా. గంట తర్వాత చెమటలు తుడుచుకుంటూ బయటకు వచ్చి, "చూడమ్మా, ఎలా ఉందో," అన్నాడు. వెళ్లి చూశాను. సింకు కింద కుండ బోర్లించి ఉంది.

"ఒరే, ఇందులోది ఏటి సేసావు?"

"అదా? పాడైపోయిందమ్మా, బుడగలొస్తున్నాయి. పారబోసి, వేణ్నీళ్లలో సబ్బేసి తోమేశాను కూడా." మెచ్చుకుంటానని నిలబడ్డాడు.

వెనక నుంచి మనవరాలు, "ఏ మా! కీ గొంధో ఛిలో!" అని ముక్కు మూసుకుంది. అంత కంపు కొట్టిందట.

మట్టికుండ సబ్బు తాగితే ఇక పూలమొక్కకే. పోనీ కుండ. లోపలి పులుపు మా అత్త కుండలోంచి తీసి పెట్టుకున్నది. ఆ మనిషి నాకు ఇచ్చింది అదొక్కటే. బడ్జ్ బడ్జ్ ఖాళీ చేసిన రోజు దాన్ని స్టీలు క్యానులో పోసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మళ్లీ నాలుగు రోజుల్లో పులుస్తుంది, నాకు తెలుసు. అది వేరే పులుపు.

వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. మావాడు మళ్లీ మొదలుపెట్టాడు, "అమ్మా, ఈసారి నువ్వే ముందు. ఈ వారం ఏం మంచి జరిగింది?"

"సెప్తాను, ఇను. ఇనాలని నీ కాగితంలోనే ఉంది కదా. యాబై ఏళ్ల బట్టి మీరందరూ తిని లెగిసాక నాకో గంట దొరుకుతాది. అప్పుడు నాకు ఎవలూ అక్కర్లేదు. నాకు నచ్చింది తింతాను, కాళ్లు జాపుకుంటాను. నువ్వు ఆ గంట లాక్కుని ఈ కుర్చీ ఇచ్చావు. నాకు కుర్చీ వద్దు."

వాడు కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "అమ్మా, అది నీకు వాళ్లు అలవాటు చేశారు. నీకు తెలియకుండానే..."

"అవును, అలవాటు సేసారు. ముందు తినడం నీకూ అలవాటు సేసారు. నీదెప్పుడు మానతావు?"

కోడలు చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమెది వరంగల్. పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో లైట్లు ఆర్పకుండా, కుళాయిలు కట్టకుండా నన్ను హడలగొడుతున్న మనిషి. మొదటి ఆదివారం మొగుడి పక్షమే.

"గసుంటి గంట నాకు దొరికితే నేను ఇడిసిపెడ్తనా, అత్తమ్మా?" అంది. "పొద్దుగాల్నుంచి ఎవరో ఒకరు నా వెంబడే ఉంటరు. బాత్రూంల ఉన్నా తలుపు కొడ్తరు."

"ఎవరు కొడతారు?" అన్నాడు మావాడు.

"నువ్వే కొడ్తవ్. టవల్ యాడుందని."

మనవరాలు నీళ్లు తాగుతున్నదల్లా పొలమారేలా నవ్వింది. కోడలు లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, పెన్ను తీసుకుని కాగితం మీద నా పేరు పక్కనున్న మాట కొట్టేసింది. ఇంకేదో రాసి కూతుర్ని చదవమంది. ఒంటిగంట నుంచి రెండు దాకా వంటింటి తలుపు మూసి ఉంటుంది, లోపల నానమ్మ. కింద ఇంకో వరస: వడ్డన, నాన్న.

"నేనా?" అన్నాడు వాడు.

"ఎవరో ఒకరు వడ్డించాల్నా, వద్దా? పోయిన వారం పప్పంత మిగిలె."

ఆ పూట కూడా కోడలు కుళాయి సగం తిప్పి వదిలేసింది. నేనే వెళ్లి కట్టాను. ఏమీ అనలేదు.

మూడో ఆదివారానికి బజార్లో బేరమాడి కొత్త కుండ తెచ్చుకున్నాను. తరవాణి ఇంకా సరిగా పులియలేదు, మట్టి వాసన వస్తోంది. అయినా ఒంటిగంటకు గిన్నెలన్నీ బల్ల మీదికి పంపించి, తలుపు గడియ పెట్టి, గోడకు వీపు ఆనించాను.

"అమ్మా, నెయ్యెక్కడ?" బయటి నుంచి మావాడు.

"నీ ముందరే ఉంటాది."

ఉంది. కాసేపటికి, "పెరుగు గరిటె?" అన్నాడు. ఉల్లిపాయ కొరికాను. అదీ దొరికినట్టుంది. వడ్డిస్తున్నాడు, వినిపిస్తోంది. ఇంకొంచెం వేసుకో, ఇంకొంచెం, అని పెళ్లివారికి పెట్టినట్టు భార్యకూ కూతురికీ కుమ్మరిస్తున్నాడు. వాళ్లు తిన్నారు, లేచారు, చేతులు కడుక్కున్నారు. వాళ్ల గదిలో ఫ్యాను తిరిగింది. బయట వాడొక్కడే మిగిలాడు.

"అమ్మా," అన్నాడు, తలుపుకు దగ్గరగా వచ్చి. "పులుసు అయిపోయింది. నాకు మిగల్లేదు."

"అడుగున ఉంటాది. గరిటె పెట్టి గీకు."

అడుగులు బల్ల వైపు వెళ్లాయి. తర్వాత గిన్నెకు గరిటె తగలడం మొదలైంది. మధ్యలో గీకుతున్నాడు. ఉన్నదంతా అంచుల్లో అంటుకుని ఉంటుందని వాడికి తెలియదు. చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ నా గంటలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.