ఇంటూ కొట్టిన తొట్టి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను కృష్ణపట్నం దారిలో ఉన్న ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా పశువైద్య సహాయ సర్జన్. పేరులో ‘సహాయ’ ఉంది గాని, సహాయం చేద్దామంటే అక్కడ నా పైన సర్జన్ ఎవరూ లేరు. సూది మందు నుంచి పోస్టుమార్టం దాకా అన్నీ నేనే చూసుకోవాలి. చేరిన కొత్తలో వచ్చిన కేసు ఇది.

రవణమ్మ అనే పాడిరైతు వచ్చి, తన గేదె సింగారి కొన్నాళ్లుగా చేపడం లేదని చెప్పింది. చేపడమంటే పొదుగులోని పాలు చన్నుల్లోకి దిగడం. అది జరగకపోతే ఎంత పితికినా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. ఆమె భర్త అప్పుడే దళారికి కబురు పెట్టాడట. శుక్రవారం వచ్చి తోలుకుపోతాడు.

“దాన్ని తోలుకుపోతే నాకు అన్నం దిగదు సార్. పాలు చేపే సూది ఒక్కటి ఎయ్యండి” అని బతిమాలింది. ఆ సూది ఊళ్లలో చాటుమాటుగా అమ్ముతారు. పాలు దిగుతాయి, పశువు మాత్రం నాశనమవుతుంది. వేయనని చెప్పి, సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను.

పశువును పరీక్షించడానికి ఒక వరుస ఉంది. ముందు దూరం నుంచి చూడాలి, తరువాతే చెయ్యి వేయాలి. దూరం నుంచి చూస్తే సింగారి రెండు చెవుల్లోనూ నిమ్మకాయంత దూది ఉండలు కనిపించాయి. చీము పట్టిందేమోనని తీసి చూశాను. చెవులు శుభ్రంగా ఉన్నాయి. జ్వరం లేదు, పొదుగువాపు లేదు. కడుపు కదలిక తెలుసుకోవడానికి ఎడమ డొక్క మీద పిడికిలి ఆనిస్తే, డొక్క లోపలికి పోయి ఉంది. ఆకలి తప్ప దానికి ఏ జబ్బూ లేదు.

దూది ఎవరు పెట్టారని అడిగితే రవణమ్మ భర్త వైపు చూసింది. పెంచలయ్య థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. అక్కడ సేఫ్టీ శిక్షణలో తానే ఫస్టని నాకు ముందుగా తెలియజేశాడు. తరువాత సంగతి చెప్పాడు. సింగారిని సంగం వైపు ఒక ఇంట్లో కొన్నారు. వాళ్లు రేడియో పెట్టి పాలు పితికేవారట, పాట లేనిదే అది చేపదు. అందుకని ఇతను అరచేతిలో ఇమిడే పాటల ప్లేయరు కొని కొట్టంలో గుంజకు వేలాడదీశాడు. శబ్దం పెంచగానే తెర మీద త్రికోణం, అందులో చెవి బొమ్మ కనిపించాయి.

“త్రికోణమంటే ప్రమాదం సార్. మా ప్లాంటులో ఆ బొమ్మ కాడ చెవులకి ప్లగ్గులు లేకుంటే లోపలికి రానీరు. పాటలు ఇనేది బర్రె గదా, దానికే పెట్టినా” అన్నాడు పెంచలయ్య.

“చెవులు మూసేస్తే పాటలు యాడ ఇనబడతాయని అడిగినా సార్. సేఫ్టీలో ఎదురు మాట్లాడగూడదన్నాడు” అంది రవణమ్మ.

ఆ బొమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెద్దగా వినే మనుషుల కోసమని చెప్పి దూది పారేయించాను. మరి ఆకలెందుకని, కుడితి సంగతి అడిగాను. తవుడూ చెక్కా అందులోనే కలుపుతారు.

“కుడితి తొట్టి నిలిపేసినాం సార్” అని పెంచలయ్య ప్లేయరు వెనక్కి తిప్పి చూపించాడు. తొట్టి బొమ్మ, దాని మీద ఇంటూ గుర్తు. “ఇంటూ కొట్టినారంటే అది చెయ్యగూడదని. మీరే చూడండి.”

చెడిపోయాక దాన్ని మామూలు చెత్తకుండీలో పారేయకూడదని, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వాలని దాని అర్థం. అదే చెప్పాను.

“కొత్త సరుకు మీద పారెయ్యొద్దని ఎందుకేస్తారు సార్? కొన్నోడు ఎవుడన్నా పారేస్తాడా?”

నాకు ఒళ్లు మండింది. ఇంకో రెండు విధాలుగా చెప్పాను. అతను ఓపికగా విన్నాడు, నమ్మలేదు. అవతల దళారి రావడానికి ఒక్క రోజే ఉంది. రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సింగారి వీపు నిమురుతోంది. కళ్లద్దాలు సవరించుకుని ఆ బొమ్మను మళ్లీ చూశాను.

“పెంచలయ్యా, ఈ తొట్టికి కింద చక్రముంది. నిషేధం చక్రాల తొట్టికి. మీ తొట్టికి చక్రాలున్నాయా?” అన్నాను.

అతను ప్లేయరును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. లేచి కొట్టంలోకి వెళ్లి, ఏళ్లనాటి సిమెంటు తొట్టి అడుగుకు వంగి నాలుగు వైపులా పరీక్షించి వచ్చాడు.

“లేవు సార్. అయితే మనకి వర్తించదు” అన్నాడు. రవణమ్మ అప్పటికే తవుడు కలపడానికి పరుగెత్తింది.

ఆ రాత్రే దళారికి రావద్దని చెప్పి పంపారు. వారం తిరిగేసరికి సింగారి పాటకు చేపింది.

దూది తీయించిన ఆ సాయంత్రం నేను బయలుదేరుతుంటే పెంచలయ్య ఇంకో బొమ్మ చూపించాడు, త్రికోణంలో ఆశ్చర్యార్థకం. వాడేముందు దానితో పాటు వచ్చిన పుస్తకం చదవమని దాని అర్థమని చెప్పాను. పుస్తకం ఎక్కడుందని అడిగాను.

“కొట్టం చూరులో దోపినా సార్. తొట్టి నిలిపిన రెండో రోజు బర్రె తినేసింది.”

కాగితానికి విడిగా మందు రాయలేదు. గేదె కడుపు దాన్ని అరాయించుకోగలదు. కాని అప్పటి నుంచి పదవీ విరమణ దాకా నా పరీక్ష వరుసలో ఒక మార్పు చేసుకున్నాను. పశువుకు ఏమైందని అడిగేముందు, యజమాని ఈమధ్య కొత్తగా ఏం నేర్చుకున్నాడో అడిగేవాణ్ణి.