తొట్టీ లేదు, కుళాయీ లేదు

పోయిన ఆదివారం మా పక్క వీధిలో గృహప్రవేశానికి వెళ్ళాం. దేశం కాని దేశంలో మేముంటున్న ఈ స్కోఫీల్డ్స్‌లో వారం వారం ఎవరో ఒకరు పాలు పొంగిస్తూనే ఉంటారు. మధ్యలో పొగ అలారం మోగడం, ఇంటాయన కుర్చీ ఎక్కి దాని నోరు మూయించడం కూడా ఇప్పుడు తంతులో భాగమే. భోజనాలయ్యాక ఇంటావిడ అందరినీ ఇల్లు చూడమని తీసుకెళ్ళింది. మా కాలంలో ఇల్లు చూపించడమంటే దేవుడి గదీ వంటిల్లూ చూపించేవాళ్ళు, స్నానాల గది తలుపు దగ్గరగా వేసి ఉంచేవాళ్ళు. ఇక్కడ అతిథుల్ని ముందు బాత్‌రూమ్‌లోకే తీసుకెళతారు. అందరూ భక్తిగా లోపలికి వెళ్ళి, కుళాయిలు తిప్పి చూసి, "సూపరండీ" అని బయటికొస్తారు. ఆ ఇంట్లో ఓ మూల లోతైన స్నానపు తొట్టి ఉంది. అందరూ బయటికొచ్చేసినా మా కోడలు మాత్రం దాని అంచు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడిపోయింది. నేను చూశానని తెలియగానే చెయ్యి తీసేసి, "దీన్ని క్లీన్ చేసుకోవడం పెద్ద తలనొప్పి అత్తయ్యా" అంది. ఆ తొట్టి ఆమెకు తలనొప్పి కాదని నాకు తెలుసు.

మా కోడలు ఆస్పత్రిలో నర్సు. షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి ఆమె పాదాలు వాచి, మేజోళ్ళ అంచులు చర్మం మీద అచ్చుపడి ఉంటాయి. పెళ్ళైన కొత్తలో మావాడి ఉద్యోగం జపాన్‌లో కాబట్టి మొదటి కాపురం అక్కడే. భాష రాదు, పక్కింటివాళ్ళకి తల వంచి నమస్కారం పెట్టడమే తప్ప మాట లేదు, కొట్లో దొరికే కూరల్లో సగానికి పేర్లు తెలియవు. ఆ చిన్న అద్దె ఇంట్లో ఆమె మనసుకు పట్టింది ఒక్క స్నానాల గదేనట. ముందు తొట్టి బయట చిన్న పీట వేసుకుని, కిందగా ఉన్న కుళాయి దగ్గర కూర్చుని, ఒళ్ళు రుద్దుకుని శుభ్రంగా స్నానం చేసేస్తారట. ఆ తర్వాతే మెడదాకా వేడినీళ్ళున్న తొట్టిలో దిగి ఊరికే కూర్చుంటారట. "స్నానం అయిపోయాక మళ్ళీ నీళ్ళలో కూర్చోవడం దేనికమ్మా?" అని అడిగాను. "దేనికీ కాదత్తయ్యా, అదే బాగుంటుంది" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె భుజాలు కొంచెం కిందికి దిగడం నేను గమనించాను.

తొట్టి సంగతి ఎలా ఉన్నా, పీట, కింది కుళాయి అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నాది తెనాలి దగ్గర పల్లె. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బకెట్టు పక్కన పీట వేసుకుని, చెంబుతో ఒంటి మీద నీళ్ళు పోసుకుంటూ కూర్చునే స్నానం చేశాను. తలంటుకున్న రోజైతే కుంకుడుకాయ పులుసు కళ్ళలో పడి కేకలు పెట్టేదీ ఆ పీట మీదే. ఇక్కడికొచ్చాక షవరు కింద నిలబడాల్సి వచ్చింది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూయగానే కాళ్ళకింద పలకలు జారిపోతాయేమోనని ఒక చేత్తో గోడ పట్టుకుంటాను. మిగిలిన ఒక్క చెయ్యి ఏం రుద్దుతుంది? మోకాళ్ళు రెండూ ఎప్పుడో సమ్మె కట్టాయి. సగం స్నానం చేసి, పూర్తయిన దానిలా ముఖం పెట్టుకుని బయటికొచ్చేదాన్ని. పోనీ బకెట్టు పెట్టుకుందామంటే, అద్దె ఇళ్ళలో నీళ్ళు పట్టుకోవడానికి కింద కుళాయే ఉండదు.

అందుకే సొంత ఇల్లు కట్టుకుంటున్నామన్నప్పుడు మా కోడలు నా గది పక్కనున్న స్నానాల గదిని అచ్చం జపాన్ పద్ధతిలో గీసింది. ఒక పక్క నాకు పీట, కింది కుళాయి, నీళ్ళు పోవడానికి తూము. ఇంకో పక్క తనకు తొట్టి. కుళాయిలూ పలకలూ ఎంచుకోవడానికి బిల్డరు పిలిచిన రోజున ఆ కాగితం తీసుకుని అందరం వెళ్ళాం. అక్కడి అమ్మాయి కొలతలు చూసి పెదవి విరిచింది. ఆ గదిలో రెండూ పట్టవట. ఒకటే ఎంచుకోవాలట. నీళ్ళు బయటికి పోయే గొట్టాలన్నీ ముందే నేలలో వేసి పైన కాంక్రీటు పోసేస్తారు కాబట్టి, తర్వాత మార్చమంటే కుదరదట. మావాడు మా ఇద్దరి ముఖాల వంకా చూశాడు.

"నాకేం వద్దమ్మా, నాకు షవరు అలవాటైపోయింది" అన్నాను.

"నాకూ టబ్ మస్ట్ ఏం కాదత్తయ్యా. యూజ్ చేసే టైమెక్కడుంది నాకు?" అంది.

"అయ్యో, నువ్వు అంత ఇష్టపడి గీసుకున్నావు కదా!"

"మీ మోకాళ్ళు ఇంపార్టెంట్ కదత్తయ్యా!"

మేం విస్తరి ముందు కూర్చుని, కడుపులో ఆకలి దంచేస్తున్నా వడ్డించేవాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టే మనుషులం. అడ్డం పెట్టినా వడ్డిస్తారని తెలిసే అడ్డం పెడతాం. ఎదుటివాళ్ళు ఇంకోసారి బలవంతం చేస్తే, "సరే, కొంచెం" అంటాం. ఈ లెక్క మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పాపం ఆ బిల్డరు తాలూకు అమ్మాయికి ఎలా తెలుస్తుంది? వద్దంటే వద్దనే అనుకుంటుంది. వారంలో ఆలోచించి చెప్పమని నవ్వుతూ పంపించేసింది.

ఆ వారంలో మా కోడలు నాకు చెప్పకుండా ఆ అమ్మాయికి ఈమెయిలు పెట్టింది. తొట్టి తీసేసి మా అత్తగారికి కింది కుళాయీ తూమూ పెట్టండి అని. నేను ఆమెకు చెప్పకుండా, ఇడ్లీలు తింటున్న కొడుకు దగ్గర చేరి, "ఆ కింది కుళాయి వద్దని చెప్పెయ్. కోడలితో అనకు, ఊరుకోదు" అన్నాను. "ష్యూరా అమ్మా?" అన్నాడు. "నీ మీద ఒట్టు" అన్నాను. వాడు ఆఫీసుకెళ్ళే ట్రైన్‌లోంచి, మా అమ్మకి ఆ కుళాయి అక్కర్లేదు, తీసెయ్యండి అని ఇంకో ఈమెయిలు పెట్టాడు. ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు. మా మాట ప్రకారం తొట్టీ తీసేసింది, కుళాయీ తీసేసింది. కొత్త ప్లాను పంపిస్తే మావాడు ఫోన్‌లోనే సంతకం చేసేశాడు. ఊళ్ళోవాళ్ళ కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం వాడి ఉద్యోగం.

కాంక్రీటు పోశారని తెలిసి అందరం చూడ్డానికి వెళ్ళాం. నేల నున్నగా, బూడిదరంగులో ఉంది. అక్కడక్కడా తెల్ల గొట్టాలు మూతలు పెట్టుకుని పైకి లేచి ఉన్నాయి. నా స్నానాల గది వచ్చే చోట నిలబడి మా కోడలు అటూ ఇటూ చూసింది.

"మీ తూము ఏదత్తయ్యా?" అంది.

"నీ తొట్టి గొట్టం ఏదమ్మా?" అన్నాను.

ఇద్దరం మావాడి వంక చూశాం. వాడు ఫోను తీసి, పాత ఈమెయిళ్ళు పైకీ కిందికీ తోసి తోసి, చివరికి తల గోక్కున్నాడు. సంగతి విన్న మా మనవరాలు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "వెయిట్, యూ బోత్ వాంటెడ్ ఇట్ అండ్ యూ బోత్ సెడ్ నో? వై, నానమ్మా?" అంది. జవాబు తెలుగులో ఉంది గానీ ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు. మావాడు తేరుకుని, "కాంక్రీటు కట్ చేయించొచ్చులే, నేను మాట్లాడతాను" అన్నాడు. "వద్దు" అన్నాం, అత్తాకోడళ్ళం ఇద్దరం ఒకే గొంతుతో.

ఈ కథ చుట్టాలకి చెబితే పడీ పడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వాక మాత్రం సిగ్గేస్తుంది. ఆ రోజు నాకు కింది కుళాయి కావాలని నోరు తెరిచి చెప్పి ఉంటే మా కోడలు సంతోషంగా ఇచ్చేసేది. నిజంగా తొట్టి ఆమెకే దక్కాలనుకుని ఉంటే, ఆ ముక్క ఆమె ముఖం మీదే చెప్పి, ఒప్పించి ఉండేదాన్ని. నేను చాటుగా చేశాను. ఎప్పుడో ఒకప్పుడు ఈ సంగతి బయటపడి, మా అత్తగారు ఎంత మంచిదో అని ఆమె నలుగురిలో అనాలని నా మనసులో ఓ మూల ఉంది. ఆమె నా కోసం వదులుకుంది. నేను నా మంచితనం కోసం వదులుకున్నాను. ఈ తేడా ఆమెకు తెలియదు.

మిగిలిన సామాను ఎంచుకునేటప్పుడు ఆమె ఆ ఉత్త గదిలోనే నాకోసం ఏమేం పట్టించొచ్చా అని వెతికింది. పొడుగాటి గొట్టం ఉన్న చేతి షవరు, గోడకి పట్టుకోవడానికి కడ్డీ, తడిసినా జారని గరుకు పలకలు. తనకంటూ ఒక్కటీ ఎంచుకోలేదు. ఇంట్లోకి వచ్చాక, ఆ చేతి షవరుతో బకెట్టు నిండటానికి యుగం పడుతుందని, పొద్దున షిఫ్టుకి వెళ్ళే ముందు తనే వేడినీళ్ళు పట్టి, పక్కన ప్లాస్టిక్ పీట వేసి, టవలు తగిలించి మరీ వెళుతుంది. నేను పట్టుకుంటానంటే వినదు. కూర్చుని హాయిగా రెండు చేతులతో ఒళ్ళు రుద్దుకుంటాను. ప్రతి చెంబూ ఆమె నిద్రలోంచి తీసుకున్నట్టే ఉంటుంది.

మొన్న సాయంత్రం నా గదిలోంచి వస్తుంటే స్నానాల గది తలుపు ఓరగా తీసి ఉంది. మా కోడలు ఆస్పత్రి బట్టల్లోనే నా పీట మీద కూర్చుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, రెండు కాళ్ళూ నా బకెట్‌లో పెట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. భుజాలు కొంచెం కిందికి దిగి ఉన్నాయి. నీళ్ళు చల్లారిపోయి ఉంటాయి, ఆవిరి లేదు. నన్ను చూసి ఉలిక్కిపడి లేవబోయింది. "ఇంకొంచెం వేడినీళ్ళు కావాలామ్మా?" అన్నాను. "వద్దత్తయ్యా, బానే ఉంది" అంది.

ఇదివరకైతే ఆ మాటకి రెండోసారి అడిగేదాన్ని. ఈసారి అడగలేదు. వేడి తిప్పి, చెంబు నింపి, వంగి ఆమె పాదాల మీద పోశాను. "అయ్యో, మీరు నా కాళ్ళ మీద పోయడమేంటత్తయ్యా!" అని కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. ఒక పాదం పట్టుకుని ఆపాను. కడ్డీ పట్టుకుని ఇంకో చెంబు పోశాను. మూడో చెంబుకి ఆమె, తల ఎత్తకుండానే, "ఇంకొంచెం వేడిగా" అంది. ఈ ఇంట్లో కాంక్రీటు ఒక్క పూటలో పోసేశారు. ఆ చిన్న మాట మా మధ్యకి రావడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది, నా వయసులో ఇంకెన్నిసార్లు వినే వీలుంటుందో.