ఈల తీసేసిన డబ్బా

తిరువూరులో బడిపంతులుగా ఉంటూ పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్లే రోజుల్లో, ఆపదలో పనికొచ్చేవన్నీ ఒక చిన్న స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దేవాణ్ణి. వెళ్లే చోటును బట్టి సరుకు మారేది. మన్యానికైతే అగ్గిపెట్టె, జలగలకు ఉప్పు పొట్లం. సముద్రం వైపైతే నీళ్లు శుద్ధిచేసే బిళ్లలు, నైలాన్ తాడు. మా మెట్టకు ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టుగుడ్డ. ఈల మాత్రం ఎక్కడికైనా ఉండాల్సిందే. ఈయన తద్దినానికి వెళ్లినా డబ్బాతోనే వెళ్తాడని ఇంట్లో ఆటపట్టించేవాళ్లు.

రెడ్డిగూడెం దగ్గర మా మామిడితోట చూసుకునే తమ్ముడు మాత్రం నవ్వేవాడు కాదు. కాపు అయిపోయాక కొమ్మల మీద మొలిచి చెట్టు రసం పీల్చే బదనికను కొట్టడానికి వెళ్తూ, "నాకూ ఒకటి సర్దన్నయ్యా" అన్నాడు. సర్దాను. చివర్లో ఈల బయటికి తీశాను.

"మన తోటలో ఈల దేనికిరా, కోతుల్ని పిలవడానికా? కేకేస్తే పదిమంది వస్తారు."

నిజానికి మర్నాడు నాకు క్యాంపు ఉంది, ఉన్నది ఒక్క ఈల. ఇంకోటి కొనడానికి బద్ధకించాను.

మిట్టమధ్యాహ్నం కొమ్మ విరిగి పడ్డాడు. నడుం కదల్లేదు. ఫోను పాకలో తగిలించిన చొక్కా జేబులో ఉంది. డబ్బా మాత్రం మొలకు కట్టుకున్న సంచిలోనే ఉంది. సాయంత్రం ఎవరో చూసేసరికి ప్రాణం లేదు.

పెద్దకర్మ నాడు, మా తోటలోకి కూలికి వచ్చే ఒకామె నా ఎదుట కూలబడింది.

"కంచె అవతల పుల్లలేరుకుంటున్నా బాబూ. 'పిన్నీ' అని రెండుసార్లు వినపడింది. మనిషి కనపడలేదు. మిట్టమజ్జాన్నం అట్లా పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదంటారు కదా. నిలబడ్డాను. మూడోది రాలేదు."

ఆమెను తిట్టలేకపోయాను. మా అమ్మ మాకు నేర్పిందీ అదే.

"ఈల వినపడితే?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"దయ్యాలు ఈలెయ్యవు కదయ్యా. పరిగెత్తుకొచ్చేదాన్ని."

ఇప్పటికీ అడిగినవాళ్లకు డబ్బాలు సర్దిపెడతాను. ముందు కొత్త ఈల వేశాకే మిగతావి. ఆ పాతది నా జేబులోనే ఉంటుంది. దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, అయినా పారేయలేను.

ఎండాకాలం మధ్యాహ్నాలు పెరటి వైపు నుంచి "అన్నయ్యా" అని వినపడుతుంది. పలకొద్దని మా ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది. విడిపించుకుని, మొదటి పిలుపుకే "వస్తున్నానురా" అంటూ లేచి వెళ్తాను.